‘ఎవరి తాలూకా?’: బరంపురం అద్దె గదులు, రాపిడ్ రీహౌసింగ్ లెక్కలు

ఒడిశాలోని బరంపురం తెలుగు సందుల్లో అద్దె గది కోసం తిరిగేవాడిని ఇంటివాళ్లు మొదట అడిగేది ఎంత ఇస్తావని కాదు. ‘ఎవరి తాలూకా?’ అని. అంటే ఎవరి మనిషివి, నీకు పూచీ ఎవరు అని. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా తెలుగు వినిపించే చోటల్లా ఈ ప్రశ్నా వినిపిస్తుంది. దేవాంగుల వీధిలో ఫలానా వారి మేనల్లుడిననో, ఫలానా మేస్త్రీ దగ్గర పని చేస్తున్నాననో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం అడ్వాన్సు. ఈ రెండూ లేనివాడు స్టేషన్ బయటో, బస్టాండు అరుగు మీదో, మహారాజా కృష్ణచంద్ర గజపతి ఆసుపత్రి చుట్టుపక్కలో రాత్రి గడుపుతాడు. అలా పడుకున్నవాళ్లందరూ చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లని అనుకోవడం పొరపాటు. పొద్దున్నే కూలి అడ్డా మీద నిలబడి, పని దొరికిన రోజు నాలుగు రాళ్లు సంపాదించుకునేవాళ్లు అందులో ఉంటారు. నెల అద్దె తిప్పలు పడి కట్టగలరు. ఒక్కసారిగా మూడు నెలల డబ్బు తీసి ఇవ్వలేరు, పూచీ పడే మనిషిని చూపించలేరు.

అమెరికాలో రాపిడ్ రీహౌసింగ్ పేరుతో, అంటే ఇల్లు పోయినవాళ్లను త్వరగా మళ్లీ అద్దె ఇంట్లో పెట్టడానికి, నడుస్తున్న పథకాలు పూడ్చాలని చూసేది సరిగ్గా ఈ రెండు గుంటలనే. అందుకే ఆ అనుభవాన్ని ఒకసారి ఇక్కడి కళ్లతో చూడడం దండగ కాదు.

పాత పద్ధతిలో ఇల్లు లేని కుటుంబం ముందు షెల్టర్‌కు వెళ్లాలి, తర్వాత ట్రాన్సిషనల్ హౌసింగ్ అనే మధ్య మజిలీలో ఒకటి రెండేళ్లు ఉండాలి. అక్కడ తాగుడు మానడం, ఉద్యోగం వెతుక్కోవడం, డబ్బు పొదుపుగా వాడడం నేర్చుకుని ‘ఇంటికి సిద్ధం’ అనిపించుకున్నాక ఇల్లు. పరీక్ష పాసైతేనే ప్రసాదం అన్నట్టు. 2008 నాటి ఆర్థిక సంక్షోభంలో అద్దెలు కట్టలేక రోడ్డున పడ్డ కుటుంబాలు పెరిగేసరికి ఈ నిచ్చెన పనికిరాలేదు. 2009లో అక్కడి ప్రభుత్వం ఉద్దీపన ప్యాకేజీలో భాగంగా 150 కోట్ల డాలర్లు పెట్టి, ఇల్లు పోకుండా ఆపడానికీ, పోయినవాళ్లను త్వరగా మళ్లీ ఇంట్లో పెట్టడానికీ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అదే ఏడాది వచ్చిన హార్త్ చట్టం ఈ దారిని స్థిరపరిచింది.

పథకంలో పనులు మూడే. ఇల్లు వెతికి, ఇంటి యజమానితో మాట్లాడి ఒప్పించడం మొదటిది. అడ్వాన్సు, సామాను చేర్చే ఖర్చు, కొన్ని నెలల అద్దె భరించడం రెండోది. ఆ తర్వాత ఒక కేస్ మేనేజర్ కొన్నాళ్లు వెంట ఉండి, పని దగ్గరికో, ఆసుపత్రికో, రేషన్ లాంటి సదుపాయాలకో దారి చూపించడం మూడోది. ముందు ఉద్యోగం తెచ్చుకో, ముందు తాగుడు మానుకో అనే షరతు ఉండదు. నిబంధనల ప్రకారం సాయం 24 నెలల దాకా ఇవ్వొచ్చు కానీ, చాలాచోట్ల కొన్ని నెలలతోనే ముగుస్తుంది. బరంపురం భాషలో చెప్పాలంటే ఈ మూడూ కలిసి ఒక్కటే పని: ఎవరి తాలూకా అని యజమాని అడిగితే ‘మా తాలూకా’ అని ముందుకు రావడం.

మరి పనిచేసిందా?

దీనికి జవాబు చెప్పిన అధ్యయనాల్లో అన్నిటికన్నా గట్టిది అమెరికా గృహనిర్మాణ శాఖ చేయించిన ఫ్యామిలీ ఆప్షన్స్ స్టడీ. 2010 సెప్టెంబరు నుంచి 2012 జనవరి వరకు 12 ప్రాంతాల్లో, షెల్టర్లలో కనీసం వారం గడిపిన 2,282 కుటుంబాలను తీసుకుని లాటరీ పద్ధతిలో నాలుగు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టుకు కాలపరిమితి లేని అద్దె సబ్సిడీ, అంటే హౌసింగ్ వోచర్. రెండో జట్టుకు రాపిడ్ రీహౌసింగ్. మూడో జట్టుకు మధ్య మజిలీ. నాలుగో జట్టుకు ప్రత్యేకంగా ఏమీ లేదు, షెల్టర్‌లో మామూలుగా దొరికే సాయమే. తర్వాత మూడేళ్ల పాటు వాళ్ల వెనకే వెళ్లి చూశారు.

శాశ్వత సబ్సిడీ అందిన కుటుంబాల్లో మళ్లీ ఇల్లు పోవడం సగానికి పైగా తగ్గింది. ఇంట్లో హింస తగ్గింది, పిల్లలు బడులు మారడం తగ్గింది, తల్లుల మానసిక ఒత్తిడి తగ్గింది. రాపిడ్ రీహౌసింగ్ జట్టు మాత్రం మామూలు సాయం అందిన జట్టుతో దాదాపు సమానంగానే ఉంది. మూడేళ్ల తర్వాత చూస్తే వీళ్లు మళ్లీ రోడ్డున పడే అవకాశం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయితే ఖర్చు చూస్తే కథ వేరు. కుటుంబానికి నెలకు రాపిడ్ రీహౌసింగ్‌కు 880 డాలర్ల లోపు, శాశ్వత సబ్సిడీకి 1,160 దాకా, మధ్య మజిలీకి 2,700 పైచిలుకు, అత్యవసర షెల్టర్‌కు 4,800 పైన.

ఈ ఫలితాన్ని రెండు రకాలుగా తప్పు చదువుతుంటారు. ‘పనిచేయలేదు’ అని ఒకరు కొట్టిపారేస్తారు. ‘అదే ఫలితం అయిదో వంతు ఖర్చుకే వచ్చింది’ అని మరొకరు ఎత్తుకుంటారు. నిజానికి ఆ పథకం మాట ఇచ్చింది త్వరగా గుమ్మం దాటించడం వరకే. అద్దెకూ ఆదాయానికీ మధ్య ఉన్న దూరాన్ని చెరిపేస్తానని అది ఎన్నడూ అనలేదు, చెరపలేదు కూడా. ఆరు నెలలు పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి నడిచిన కుంటివాడు, ఆ భుజం తొలగగానే పరిగెత్తలేదని ఆశ్చర్యపోవడం ఎందుకు?

ఇంకొక సంగతి. రాపిడ్ రీహౌసింగ్ ఇస్తామంటే అందరూ తీసుకోలేదు. కొన్నాళ్లకే ఆగిపోయే అద్దె సాయాన్ని నమ్ముకుని ఒప్పందం మీద సంతకం పెట్టడానికి చాలామంది వెనకాడారు. డబ్బు లేనివాళ్లకు లెక్కలు రావని అనుకునేవాళ్లు గమనించాల్సిన విషయమిది.

ఇక్కడ లెక్క తిరగబడుతుంది

అమెరికాలో ఈ పథకానికి అంత పేరు రావడానికి అసలు కారణం షెల్టర్ ఖరీదు. ఒక కుటుంబాన్ని నెలపాటు షెల్టర్‌లో ఉంచే డబ్బుతో అయిదు కుటుంబాలకు అద్దె కట్టొచ్చు. ఈ వాదనను ఉన్నదున్నట్టు తెచ్చి ఒడిశా సరిహద్దు జిల్లాలైన గంజాంలోనో, గజపతిలోనో, రాయగడలోనో పెడితే నిలబడదు.

మన దగ్గర పట్టణ నిరాశ్రయుల షెల్టర్లు 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద వచ్చాయి. వాటి వెనక ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల ఒత్తిడి ఉంది. లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు అనేవి నిబంధనలు. 2011 జనాభా లెక్కల్లోనే మూడున్నర లక్షలు దాటిన బరంపురానికి ఆ ప్రకారం మూడున్నర వందల మందికి పైగా చోటుండాలి. యాభై మంది ఉండే షెల్టర్ నడపడానికి మార్గదర్శకాల్లో వేసిన అంచనా ఏడాదికి 6 లక్షలు. అంటే ఒక మనిషికి నెలకు వెయ్యి రూపాయలు. సింగిల్ గది అద్దె 2,500 అనుకున్నా, ఒంటరి కూలీకి గది చూపించడం కన్నా షెల్టర్‌లో చాప వేయడమే ప్రభుత్వానికి చవక. ఖర్చు తగ్గుతుందని చెప్పి రాపిడ్ రీహౌసింగ్‌ను ఇక్కడ అమ్మబోతే ఫైలు మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోతుంది.

కానీ అదే లెక్క కుటుంబానికి వేసి చూడండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. షెల్టర్‌లో నాలుగు పడకలంటే నెలకు నాలుగు వేలు. పైగా మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు ఒకటి వేరువేరుగా నడిచేచోట కుటుంబం రెండు ముక్కలవుతుంది. పదమూడేళ్ల కొడుకు ఎటువైపు పడుకోవాలో తేల్చడమే ఒక టెన్షన్. గదికి 2,500. తలుపుంటుంది, పొయ్యి ఉంటుంది, పెట్టె పెట్టుకోవడానికి మూల ఉంటుంది. అంటే మన సరిహద్దు జిల్లాల్లో ఈ పథకానికి ఒంటరి మగవాళ్లకన్నా ముందు పిల్లలున్న కుటుంబాలే తగినవాళ్లు. చవకకు చవక, గౌరవానికి గౌరవం.

2015 ఏప్రిల్ 1న ఒడిశా ప్రభుత్వం ఆహార్ కేంద్రాలు తెరిచినప్పుడు మొదటి విడత అయిదు నగరాల్లో బరంపురం ఒకటి. అయిదు రూపాయలకు అన్నం, దాల్మా. తిండి సంగతి అలా కొంత గట్టెక్కింది. ఇల్లు సంగతి వచ్చేసరికి మాత్రం వ్యవస్థ రెండు చివరలనే పట్టుకుంది. ఒక చివర షెల్టర్ చాప, ఇంకో చివర ప్రధానమంత్రి ఆవాస్ కింద సొంత పక్కా ఇల్లు. మధ్యలో ఉన్న అద్దె గదిని చాలాకాలం ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే సాయానికి చేతిలో స్థలం కాగితం ఉండాలి. బస్టాండు అరుగుకు పట్టా ఎవరిస్తారు?

ఈ ఖాళీ ఢిల్లీకి తెలియక కాదు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు అద్దె గదులు వదిలి నడుచుకుంటూ పోతున్న దృశ్యం దేశమంతా చూసింది. సూరత్ మరమగ్గాల మీద బతికే గంజాం మనుషులు లక్షల్లో ఉన్నారు. ఆ వేసవిలో రైళ్లు రైళ్లుగా జిల్లాకు తిరిగొచ్చారు. ఆ జులైలోనే కేంద్రం చవక అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. ప్రభుత్వ డబ్బుతో కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్లను అద్దెకివ్వడం అందులో ఒక మార్గం. దేశవ్యాప్తంగా అలాంటివి 80 వేలకు పైగా ఉన్నాయని తేల్చారు. మొదటి మూడేళ్లలో అద్దెకు మారినవి ఆరు వేల లోపే. ఖాళీ ఇల్లున్నంత మాత్రాన అందులోకి మనిషి వచ్చేయడు. పని దొరికే చోటికి అది దూరంగా ఉంటే తాళం తాళంగానే ఉంటుంది.

దూరం సంగతి గంజాం తీరంలో తెలుగు మత్స్యకారులను అడిగితే చెబుతారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అంతకుముందే సుమారు పది లక్షల మందిని లోపలికి తరలించడంతో ప్రాణనష్టం బాగా తగ్గింది. ఇళ్లు మాత్రం పోయాయి. ప్రపంచ బ్యాంకు రుణంతో గంజాం, పూరీ, ఖుర్దా జిల్లాల తీరంలో గాలివానకు తట్టుకునే ఇళ్లు కట్టే కార్యక్రమం మొదలైంది. ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకోవాలి, పునాదికి ఇంత, గోడలకు ఇంత, స్లాబుకు ఇంత అని డబ్బు విడతలుగా పడుతుంది. నాణ్యత చూస్తే మంచి పద్ధతే. కానీ పూర్తవడానికి ఏళ్లు పట్టింది. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉన్న పొడంపేట సంగతి ఇంకా వేరు. అక్కడ సముద్రం ఇళ్లను తుపానులో ఒకసారి పడగొట్టి ఊరుకోలేదు, ఏడాదికింత చొప్పున ఒడ్డును కోసుకుంటూ వచ్చింది. ఊరు కొత్త కాలనీకి మారింది. పడవ, వల ఒడ్డునే ఉంటాయి కదా. తెల్లవారుజామున వేటకు పోయేవాడికి గుమ్మంలోంచి అల కనిపించకపోతే, గాలి ఎటు వీస్తుందో తెలియకపోతే, ఆ ఇల్లు ఎంత పక్కాగా ఉన్నా సగం ఇల్లే. ఈ మత్స్యకారులను ఒడియాలో నోలియాలంటారు. కాగితం మీద వాళ్లకు పునరావాసం జరిగినట్టే లెక్క.

రాపిడ్ రీహౌసింగ్ ఆలోచన ఎక్కువగా ఉపయోగపడేది ఇలాంటి సందర్భాల్లోనే. ఇల్లు కూలిన రోజుకూ కొత్త ఇంటి తాళం చేతికొచ్చే రోజుకూ మధ్య రెండు మూడేళ్లుంటే, ఆ కాలమంతా కుటుంబం ఎక్కడుంటుందన్నది పథకం పుస్తకంలో రాసి ఉండదు. బంధువుల వసారాలో, బడి గదిలో, టార్పాలిన్ కింద. ఆ మధ్యకాలానికి ఒడ్డుకు దగ్గర్లోనే అద్దె గది, దానికి నెలనెలా సాయం ఇస్తే ఖర్చు పక్కా ఇంటి ఖర్చులో చిన్న ముక్క. తుపాను వల్ల ఇల్లు పోయినవాడికి చేతిలో పని ఉంటుంది, ఊళ్లో పేరు ఉంటుంది, అలవాట్లు చెడిపోయి ఉండవు. అమెరికా అనుభవం ప్రకారం ఈ సాయం తగిన మనుషులు వీళ్లే: దెబ్బ ఒక్కసారి తగిలినవాళ్లు, రోజూ తగులుతున్నవాళ్లు కారు.

ఇప్పుడు కాలపరిమితి సంగతి. ఒక మేస్త్రీ కూలీ రోజుకు 450 చొప్పున నెలకు పద్దెనిమిది రోజులు పని చేశాడనుకుందాం. 8,100 వస్తుంది. 2,500 అద్దె అందులో మూడో వంతు కన్నా తక్కువే, లాగించొచ్చు. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టి పది రోజులే పని దొరికితే వచ్చేది 4,500. అదే 2,500 ఇప్పుడు సగం దాటిపోయింది. ఇంటివాళ్లు మొదటి నెల ఓర్చుకుంటారు, రెండో నెల అడ్వాన్సులో కోసుకుంటారు, మూడో నెల సామాను బయట పెడతారు. ఇల్లు పోయేది ఇలాగే, ఏ పెద్ద విపత్తూ లేకుండా. కాబట్టి ఫిబ్రవరిలో గదిలోకి పంపి జులై దాకా వరసగా అద్దె కట్టి, ముసురు మొదలయ్యే వేళకు చెయ్యి వదిలేసే పథకం బరంపురంలో కచ్చితంగా విఫలమవుతుంది. అదే ఆరు నెలల డబ్బును రెండేళ్ల మీద పరిచి, వానాకాలంలో రెండు మూడు నెలలు, జబ్బు చేసినప్పుడు ఒక నెల, ఇలా అవసరమైనప్పుడు ఇస్తే చాలామంది గదులు నిలుస్తాయి. అమెరికాలోనూ కొన్నిచోట్ల దీన్ని పోలిన పద్ధతి ఉంది. ముందు కొద్దిగా ఇచ్చి, సరిపోకపోతే పెంచుకుంటూ పోతారు, దాన్ని ప్రోగ్రెసివ్ ఎంగేజ్‌మెంట్ అంటారు. ఇక్కడ దానికి పంచాంగం కూడా జోడించాలి, అంతే తేడా.

ఆదాయం వైపు నుంచీ కొంత చేయొచ్చు. 2020 ఏప్రిల్‌లో ఒడిశా పట్టణ కూలీల కోసం సొంతంగా ఒక ఉపాధి పథకం మొదలుపెట్టింది, తర్వాత అదే ముక్తా పేరుతో కొనసాగింది. కాలువల పని, వాన నీటి గుంతల పని అందులో ఉన్నాయి. అద్దె సాయం తీసుకుంటున్న కుటుంబానికి పని పేర్ల జాబితాలో ముందు చోటిస్తే రెండు పథకాలూ ఒకదాన్నొకటి మోస్తాయి.

అందరికీ ఇది సరిపోతుందా అంటే లేదు. ఏళ్ల తరబడి రోడ్డు మీదే ఉన్నవాళ్లు, మానసిక జబ్బుతో ఇల్లు వదిలి తిరుగుతున్నవాళ్లు, కుటుంబం వదిలేసిన ముసలివాళ్లు, వీళ్లను గదిలో పెట్టి ఆరు నెలల్లో తలుపు దగ్గర సెలవు తీసుకోవడం క్రూరత్వం. 1992లో న్యూయార్క్‌లో మొదలైన హౌసింగ్ ఫస్ట్ పద్ధతి ఇలాంటివాళ్ల కోసం పుట్టింది, అందులో తోడుకు గడువు ఉండదు. మన దేశంలోనూ నమూనా ఉంది. చెన్నైలోని ద బన్యన్ సంస్థ ‘హోమ్ ఎగైన్’ పేరుతో, ఏళ్లుగా ఆశ్రమాల్లో ఉండిపోయిన స్త్రీలను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో పెట్టి, తోడుగా మనిషిని ఉంచుతోంది. వాళ్లు కూరగాయలు కొనుక్కుంటారు, పొరుగువాళ్లతో మాట్లాడతారు, కొందరు పనికి వెళ్తారు. రాపిడ్ రీహౌసింగ్‌ను ఇలాంటివాళ్ల మీద ప్రయోగించి, విఫలమైందని రిపోర్టు రాయడం ఎండిపోయిన బావిలో చేద వేసి తాడును తిట్టడమే.

కాగితాల చిక్కు సరిహద్దులో మరింత బిగుసుకుంటుంది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం గంట ప్రయాణం కూడా కాదు. మాట ఒకటే, చుట్టరికాలూ అటూ ఇటూ అల్లుకున్నవే. 1936 ఏప్రిల్ 1కి ముందు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఒకే గంజాం జిల్లా. కానీ ఆధార్ మీద ఆంధ్ర చిరునామా ఉంటే ఒడిశా రాష్ట్ర పథకాల్లో పేరు ఎక్కించుకోవడం కష్టం. రేషన్ బియ్యం మాత్రం ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి వల్ల ఎక్కడైనా తీసుకోవచ్చు. ఇల్లు లేనివాడికి ఏ చిరునామా మీద హక్కు పుడుతుందన్నది అక్కడే తేలకుండా ఉండిపోయింది. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా తిరిగి, ప్లాట్‌ఫాంల మీద, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, పెద్ద సిమెంటు గొట్టాల్లో ఉన్న 17.7 లక్షల మందిని నిరాశ్రయులుగా నమోదు చేశారు. ఆ రాత్రి ఎవరు ఏ రాష్ట్రంలో పడుకుంటే ఆ రాష్ట్రం లెక్కలోకి వచ్చారు. లెక్కకు పనికొచ్చిన నియమం సాయానికి పనికిరాదా అనేది అడగాల్సిన ప్రశ్న. మహారాష్ట్ర వైపు సిరొంచా, బల్లార్షా, దెగ్లూరు తెలుగువాళ్లకూ ఇదే తంటా, కాకపోతే అక్కడి ఫారం మరాఠీలో ఉంటుంది.

ఒడిశా 2017లో మురికివాడల వాసులకు భూహక్కు ఇచ్చే చట్టం చేసి, గంజాం, పూరీ జిల్లాల చిన్న పట్టణాల్లో డ్రోన్ సర్వేతో పని మొదలుపెట్టింది. ఆ హక్కు వారసత్వంగా వస్తుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. ఉన్నచోటే ఇంటిని నిలబెట్టిన మంచి పని ఇది. అసలు ఇల్లే లేనివాళ్లకు అందులో నేరుగా వాటా లేదు. అయితే పరోక్షంగా ఒకటి జరగొచ్చు. తన గోడ తనదేనని ధీమా వచ్చిన ఇల్లాలు పక్కన ఇంకో గది లేపుతుంది. పట్టణంలో చవక గదులు పుట్టేది బిల్డర్ల దగ్గర కాదు, ఇలాంటి ఇళ్ల పెరళ్లలో. 2021 నాటి నమూనా అద్దె చట్టం అడ్వాన్సును రెండు నెలలకు మించనివ్వకూడదంది కానీ, నోటి మాట మీద నడిచే ఆ గదుల దాకా ఏ చట్టమూ నడిచిరాదు.

ఆ పెరటి గది తలుపు దగ్గరికి ఎవరు వెళ్లాలన్నదే చివరికి మిగిలేది. మున్సిపాలిటీ మనిషి ఫైలు పట్టుకుని వెళితే ఇల్లాలు జడుసుకుంటుంది, పన్ను వేస్తారేమోనని. అదే వీధిలో మిషన్ శక్తి కింద నడిచే ఆడవాళ్ల స్వయం సహాయక సంఘం ఉంటుంది, వారానికోసారి కూర్చుంటారు, ఎవరు ఎంత బాకీనో నోటికి చెప్పగలరు. అడ్వాన్సు డబ్బు సంఘం ఖాతాలో ఉండి, ముసురు నెలల అద్దె అక్కడినుంచే కట్టి, కుటుంబం నిలదొక్కుకున్నాక కొద్దికొద్దిగా తిరిగి జమ చేసుకునే ఏర్పాటు ఉంటే, కొత్తగా ఆఫీసు తెరవక్కర్లేదు. సంఘం పెద్దావిడ గడపలో నిలబడి, వెనకాల పిల్లని చంకనేసుకున్న మనిషిని చూపిస్తూ అంటుంది: ‘మన తాలూకానే అమ్మా. వానల్లో అద్దె ఆలస్యమైతే నన్నడుగు.’